చిల్లుల బకెట్టు

బరంపురంలో బిభూతి షెడ్డు.
మోటారు మూత విప్పి, స్క్రూ అంచుదాకా తిప్పి
చేతులు పాతగుడ్డకు తుడుచుకున్నాడు.
ఇంతకన్నా తగ్గదు, తగ్గిస్తే ఆగిపోతుంది అన్నాడు.
అతను ఒడియాలో చెప్పాడు,
నాకు తెలుగులో కోపమొచ్చింది.

తొమ్మిది గుర్రాల సెకండ్‌హ్యాండు మోటారు,
ఇంకా ఏడు నెలల కిస్తీ.
ఎంత మెల్లగా పట్టినా
గోపాల్‌పూర్ దీపస్తంభం వెనక్కి పరిగెడుతుంది.
ముప్పై బారల దారం చివర
నా తగరపు రేకు చేప
నీళ్ళలో ఉండనంటుంది,
గచ్చు మీద జారవిడిచిన చిల్లరలా
ఎగిరెగిరి పడుతుంది.

కోనాం వెర్రిది కాదు.
ఈదేదాన్ని తరుముతుంది గానీ
ఎగిరేదాన్ని నమ్మదు.
మూడు రోజులు తిరిగాను.
కడుపు నిండింది బోటుకే, పెట్రోలుతో.

నాలుగోనాడు చీకటుండగానే
కారి దానయ్య మావ నేనూ వస్తానన్నాడు.
చేతికర్ర ఒడ్డున ఇసకలో గుచ్చి
"వొచ్చీదాకా ఉండు" అని దానితో చెప్పి
నా భుజం పట్టుకుని ఎక్కాడు.
చంకలో పాత పెయింటు బకెట్టు,
అడుగున మేకు కాల్చి పొడిచిన చిల్లులు.
లెక్కపెట్టాను, పదకొండు.
పదకొండే ఎందుకు మావా?
"పన్నెండోదానికి మేకు సల్లారిపోనాది."

కెరటాలు దాటాక
కొబ్బరిపీచు తుంపు అణియం పక్కన వేసి
లాభం, రెండు, అని ఎంచాడు.
మూడు అనకముందే పీచు అమరం దాటిపోయింది.
నాలుక చప్పరించాడు.
"ఇది సేపల ఏట కాదురా గుంటడా,
పెళ్ళికి ఆలీసమైపోనోడి పరుగు."

అమరం రెండు మూలలకూ తాడు కట్టి
నడిమధ్యన బకెట్టు వేలాడదీసి
వదిలాడు.
అది కాసేపు పక్కకు దొర్లింది,
గుటకేసింది, మునిగింది.
తాడు బిగిసింది.
ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకున్నట్టు
బోటు ముందుకు తూలి, ఆగలేదు గానీ
తగ్గింది.

మళ్ళీ పీచు.
లాభం, రెండు, మూడు, నాలుగు,
ఐదు.

పక్కగాలికి ఇందాకటిదాకా
ముక్కు అటూ ఇటూ తిప్పిన బోటు
ఇప్పుడు తిన్నగా పోతోంది.
అదేంటి మావా, మెల్లగా పోతే గాలి తోసేయాలి కదా?
"పరిగెట్టినోడు ఎలాగైనా తిన్నగానే ఎల్తాడు.
నడిసినప్పుడే తూలతాడు.
ఎనకాల బరువుంటే తూలడు."

అప్పుడు చూశాను అతని చేతులు.
ఒడ్డున టీ గ్లాసు నిలవని చేతులు,
బీడీ ముట్టించడానికి నాలుగు పుల్లలు అరగదీసే చేతులు.
దారం ఇటు తే అని తీసుకుని
చూపుడువేలి మీద ఆనించుకున్నాడు.
నీళ్ళు దారాన్ని లాగుతున్నాయి.
వేలు కదలడంలేదు.
నేను చూస్తున్నానని తెలిసి
నా వైపు తిరగలేదు.

నాకూ ఇచ్చాడు కాసేపు.
చాలా దూరాన, నీటి అడుగున
రేకు చేప కొట్టుకోవడం తెలిసింది,
పాలు తాగుతూ నిద్రపోయిన పిల్ల
దవడ కదిల్చినట్టు.
ఇంజను గొణుగుడులోంచి
మొదటిసారి నీళ్ళ చప్పుడు విన్నాను.
మూడు నెలలుగా ఈ బోటులో ఉన్నానా నేను?
కిస్తీలో ఉన్నానా?

ఎండెక్కాక లాగింది.
దారం వేలిని కోసుకుంటూ పరిగెత్తింది.
మోటారు ఆపమని నేను, ఆపొద్దని మావ,
బకెట్టు తాడు ఇద్దరి కాళ్ళకీ అడ్డం,
తిట్లు అన్నీ ఇక్కడ రాయలేను.
బోటులో పడ్డాక కోనాం ఒక్కసారి వంగి
అద్దంలా మెరిసి
నా మోకాలి మీద తోకతో కొట్టింది.
నాలుగు కిలోలుంటుంది.
ఆరు అంటాడు మావ, ఇప్పటికీ.

తిరిగొచ్చేసరికి పోటు.
చేతికర్ర అక్కడే ఉంది
పాదం దాకా తడిసి.
దిగగానే అతని చేతులు మళ్ళీ మొదలుపెట్టాయి.
బకెట్టు నాకే వదిలేశాడు.

నెలాఖరుకి కిస్తీ కట్టడానికి బరంపురం వెళ్తే
బిభూతి అడిగాడు, స్పీడు తగ్గిందా, ఏం మార్చావని.
బాల్టి, అన్నాను.

మోటారులో అది ఎక్కడుంటుందో
పాపం, ఇంకా ఆలోచిస్తున్నాడు.