జాడ తుడుపు

మాఘపున్నమి వెళ్ళిన మూడోనాడు
తెల్లారడానికి ఇంకా రెండు గంటలుండగా
కందికుప్ప దాటాక తారు అయిపోయింది.
నూకరత్నం జీపు ఆపి, దిగి,
నాలుగు చక్రాల్లోనూ సగం గాలి వదిలేసింది.
"బురదకి మన బరువు చెప్పకూడదు" అంది
ఇంటిగుట్టు చెప్పినట్టు, గొంతు తగ్గించి.

ఈ జీపు ఒకప్పుడు రొయ్యపిల్లల్ని మోసింది.
పదకొండేళ్ళయినా సీటు కింద ఆ వాసన వదల్లేదు.
ఆమె మొగుడు నడిపినప్పుడు దీనికి హారనుండేది.
తన చేతికొచ్చాక ఆమె మొదట పీకేసింది దాన్నే.

నా మెడలో దుర్భిణి, ఒళ్ళో నోటుబుక్కు,
అందులో రెండేళ్ళుగా నిండని ఒక గడి.
నీటికుక్కలు: ఐదు, ఒకదాన్నొకటి కొరుక్కుంటూ.
నక్క: ఒకటి, కుంటిది.
కంకణాలు: లెక్క తప్పింది, మళ్ళీ చూడాలి.
బావురుపిల్లి ఎదురుగా మాత్రం
నా బొటనవేలి చెమట మరక.

చెరువుగట్టెక్కాక లైట్లు ఆర్పేసింది, చంద్రుడు చాలని.
ఎడంపక్క ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి,
బల్బుల కింద రొయ్యలకి రాత్రన్నది లేదు.
కుడిపక్క మడ,
వెన్నెల ఎంత కాసినా తెల్లబడని మడ.
మధ్యలో మేము,
జీపుకి జానెడు మాత్రమే ఎక్కువున్న గట్టు మీద.
"అటూ ఇటూ చూడకండి, కళ్ళు తిరుగుతాయి.
నా చేతులు చూడండి."
చూశాను. స్టీరింగు మీద అవి
వల విసరబోయే ముందటి చేతుల్లా వదులుగా ఉన్నాయి.

గట్టు తెగిపోయిన చోట దారి లేదు,
పోయిన వారం మేం వేసిన చక్రాల చారలు తప్ప.
వాటిల్లో పోటునీళ్ళు నిలిచి,
నీళ్ళల్లో వెనక్కి పోలేని బుల్లి చేపలు.
బ్రేకు పడింది.
"దిగండి. తలుపు వెయ్యకండి."

చార అంచున గుండ్రటి అడుగు.
ఇంకోటి. కాస్త ఎడంగా ఇంకోటి.
వేళ్ళ మధ్య పల్చటి పొర అచ్చు,
పూర్తిగా లోపలికి ముడుచుకోని గోళ్ళ గీతలు.
నా అగ్గిపెట్టె అడిగి, అడుగు పక్కన పెట్టి కొలిచింది.
అంతే ఉంది. కొంచెం పెద్దదేమో కూడా.
మా చక్రం తవ్వింది కాలవ,
దాని గట్టున కూచుని అది రాత్రి భోంచేసింది.

"మన దారి దానికి పనికొచ్చిందన్నమాట"
అన్నాను, ఎగిరి గంతేసేవాణ్ణే, బురద ఆపింది.

ఆమె టార్చి పట్టుకుని ముందుకెళ్ళింది.
అదే చారలో, ఇరవై గజాల అవతల
రబ్బరు బూట్ల అడుగులు. ముగ్గురివి.
వాటి చివర, తిల్లచెట్టు మొదట్లో
ఎర్రగుడ్డ కట్టిన కర్ర. కొత్త చెరువుకి కొలత.
"మనం రాకముందు ఇక్కడికి దారుందా?"
ఆమెకి తెలియక అడగలేదు.

కర్ర పీకింది. సీటు కింద పెట్టింది,
ఆ పాత వాసన పక్కనే.
సముద్రం తోసుకొచ్చిన కొబ్బరిమట్టలు రెండేరి
జీపు వెనక తాడేసి కట్టింది.
"అడుగులు కూడా పోతాయి కదా?"
"పోవాలి."
ఫొటో తియ్యనా అని అడగబోయి
ఆమె భుజాలు చూసి ఊరుకున్నాను.

వెనక్కొచ్చేటప్పుడు నేను వెనక్కి తిరిగి కూచున్నాను.
చార, చేపలు, గోళ్ళు, బూట్లు
ఒకే బూడిదరంగు మెత్తదనంలో కలిసిపోయాయి.
లకుముకిపిట్ట ఒకటి కూసింది. రాసుకోలేదు.

టీకొట్టు దగ్గరికొచ్చినా మట్టలు విప్పలేదు,
తారు మీద బరబరా ఈడుస్తూనే ఉన్నాయి.
"ఏంటి రత్నం, రోడ్డూడుస్తున్నావా?"
"ఆయ్, ఈవేళ పాచిపని కాస్త దూరం పడింది."

టీకొట్టతను బీడీకి అగ్గిపెట్టె అడిగాడు.
ఇచ్చాను.
మూడు పుల్లలు గీశాడు. వెలగలేదు.
"ఎక్కడ తడిపారండీ దీన్ని?"
వానకి తడిసింది అన్నాను,
నెల్లాళ్ళుగా చినుకు రాలని మాఘంలో.