కిటికీ నంబరు మూడు

వాల్దివియాలో వాన గురించి ఎవరూ మాట్లాడరు.
గొడుగు దులుపుకుని లోపలికొస్తారు, అంతే.
పంతొమ్మిదేళ్లుగా ఈ అద్దం వెనకే ఉన్నాను,
అటవీశాస్త్ర విభాగం, విద్యార్థుల కిటికీ, నంబరు మూడు.
జవాబులు చెప్పడం నా పని కాదు.
ఏ ప్రశ్న ఏ తలుపు తట్టాలో చెప్పి పంపుతాను.

నా వెనక గోడకి ఒక జాబితా.
ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి సలహాదారు.
కష్టాలు కూడా అక్షరక్రమంలోనే వస్తాయన్నట్టు.

మే నెల, మంగళవారం, మిల్యరాయ్ వెంచుమాన్ వచ్చింది.
ఎన్నిసార్లు కడిగినా పోని చేపల వాసన చేతులకి.
"నేల భౌతికశాస్త్రం ఇప్పుడు వదిలేస్తే
స్కాలర్‌షిప్ పోతుందా?"
అది కాగితం మీది ప్రశ్న.
కాగితం వెనక ఇంకోటి ఉంటుంది.
దాన్ని నిలబడి, వరసలో, వెనకవాడి ఊపిరి
మెడకి తగులుతుండగా
ఎవరూ అడగరు.

జాబితా ప్రకారం ఆమె డాక్టర్ ఒహేదా మనిషి.
ఆయనకి నిబంధనలన్నీ కంఠతా వచ్చు.
తప్పు చెప్పడు. తలా ఎత్తడు.
ఒకప్పుడు నేనూ జాబితానే నమ్మేదాన్ని.
ఎలియాస్ కారిపాన్ అనే కుర్రాణ్ణి
అలాగే పైకి పంపాను.
నాలుగు నిమిషాల్లో దిగొచ్చాడు.
సంతకానికి తీసుకున్న పెన్ను తిరిగిచ్చి
థాంక్స్ చెప్పి వెళ్లాడు.
తర్వాతి సెమిస్టరు పట్టికలో ఆ పేరు లేదు.
పెన్ను మాత్రం ఇంకా రాస్తోంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
నిజమే. కానీ ఏమడగాలో తెలియనివాడికి
ఆ సామెత ఏం పెడుతుంది?

మొదట బారియెంతోస్ మేడమ్ గది గుర్తొచ్చింది.
అక్కడ వేడి టీ ఉంటుంది, కట్టెల పొయ్యి ఉంటుంది,
"అవునమ్మా, అవును" ఉంటుంది.
పిల్లలు తేలికపడి బయటికొస్తారు,
సమస్య మాత్రం మెట్లకింద
అదే బరువుతో కాచుకుని ఉంటుంది.

వేలు కాసేపు గాల్లో ఆగింది.
తర్వాత చీటీ మీద రాశాను: గది రెండు వందల పద్దెనిమిది.
"అది క్లాగెస్ గారి గది," అంది, మొహం పాలిపోయి.
"ఆ పేపరు చెప్పేది ఆయనే కదా.
నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసిందీ ఆయనే."
తెలుసన్నాను.
ఎందుకు పంపుతున్నానో చెప్పలేదు.
చెప్పినా నమ్మేది కాదు:
ఈ భవనం మొత్తంలో
"నాకు తెలియదు" అన్నాక
కుర్చీలోంచి లేచేది ఆ ముసలాయన ఒక్కడే.

గడియారం చూడకూడదనుకున్నాను. చూశాను.
నాలుగు నిమిషాలు దాటాయి.
ఇరవై దాటాయి.
మధ్యలో ఎవరో ఫారం అడిగితే తప్పు ఫారం ఇచ్చాను.
నది వైపు నుంచి సీలయన్ ఒకటి
బజారు మెట్ల మీద అరుస్తోంది,
తన వాటా ఏదని.

గంటా పది నిమిషాలకి దిగింది.
కళ్లు ఎర్రగా ఉన్నాయి, నడక నెమ్మదిగా ఉంది.
"పేపరు గురించి అసలు మాట్లాడనే లేదు," అంది.
"నిద్రెప్పుడు పోతావని అడిగారు.
గురువారం మళ్లీ రమ్మన్నారు."
గొడుగు పైనే మర్చిపోయి
వానలోకి నడిచి వెళ్లింది.

కిటికీ మూసే వేళకి క్లాగెస్ వచ్చాడు.
ఇన్నేళ్లలో ఈ అద్దం ముందు
ఆయన నిలబడటం అదే మొదటిసారి.
చేతిలో నీలం గొడుగు, పుల్ల ఒకటి విరిగినది.
గొంతు సవరించుకున్నాడు,
మొదటి సంవత్సరం కుర్రాడిలా.
"చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు
పగటికి మార్పించాలంటే
ఎవర్ని అడగాలండీ?"

గోడ మీది జాబితా వైపు చూశాను, అలవాటు కొద్దీ.
దీపం ఆర్పబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని,
"లోపలికొచ్చి కూర్చోండి," అన్నాను.
"నాకూ తెలియదు."