మూడో సెయ్యి

కళింగపట్నం రేవులో మూడో నెంబరు ఎగరేసినారంట.
బందరువానిపేటకి ఆ జెండా కనపడదు.
మాకు గాలే సెప్పుద్ది.
ఈశాన్యం నుంచి కొట్టి
పొయ్యిలో బూడిదని గుమ్మం దాకా ఊడ్చీసిందంటే
ఆ రోజు తెప్పలు కదలవు.

పుష్యమాసం. తెల్లారగట్ల నాలుగు.
దానయ్య బావ తలుపు కొట్టనేదు, గొళ్ళెం ఆడించినాడంతే.
"ఒక సెయ్యి తక్కువైపోనాది పిల్లా, వొస్తావేటి?"

తక్కువ కాకేటవుద్ది.
పేటలో మొగోళ్ళు సగం మంది వీరావళ్ళో ఉన్నారు,
సేటు బోట్ల మీద. మా ఇంటాయన కూడాను.
శ్రావణంలో రైలెక్కినాడు.
అడ్వాన్సు డబ్బు ఇంటి మీద రేకులైపోనాది,
ఈ గాలికి ఆ రేకులే
రేత్రంతా ఆయన్లాగ గొణిగినాయి.

మేకుకి ఏలాడతన్న ఆయన నడికట్టు తీసి సుట్టుకున్నాను.
ఆయనకి ఒక సుట్టు, నాకు ఒకటిన్నర.
ఉప్పుకి బిర్రెక్కిపోయిన గోనెపట్టా,
సీర మీంచి కూడా ఒరుసుకుపోనాది.

వల పెద్దదేం కాదు.
తెప్ప మీద పట్టుకెళ్ళి పరిసే పెద్దవలని
ఇలాటి రోజున ఎవుళ్ళూ ముట్టుకోరు.
ఈదగలిగినోళ్ళిద్దరు ఒక కొస నడుముకి కట్టుకుని
మెడలోతు నీళ్ళలోకి నడిసినారు.
మూడు అలలు ముంచీసినాయి.
నాలుగోది దాటినారో నేదో సీకట్లో తెలీదు,
తాడు కదిలితేనే మనుషులున్నట్టు.

తోక కాడ కారయ్య తాత.
కళ్ళు పోయి తొమ్మిదేళ్ళు.
లాగిన తాడు లాగినట్టు సుట్టలు పెడతా
సంద్రం ఏటనుకుంటందో సేతుల్తో ఇంటాడు.
"ఒట్టి నాచు" అంటాడు. నాచే.
"కుడేపోళ్ళు తొందర పడతన్నారు" అంటాడు. పడతన్నారు.

కాలికింద ఇసక జారిపోతంటే
ఒక్కో అడుగు ఎనక్కి.
వాన అడ్డంగా, సెవిలోకి.
లైట్‌హౌసు ఎలుగు తిరిగొచ్చినప్పుడల్లా
ముందున్న ఎర్రోడి ఈపు కనపడీది,
పోయీది, మళ్ళీ కనపడీది.
ఆ ఈపుని లెక్కెట్టుకుంటా లాగినాను.
నూటిరవై దాకా గుర్తు.

మజ్జిలో తాత అడిగినాడు,
"మూడో సెయ్యి ఎవుళ్ళది?"
ఎవుళ్ళూ పలకనేదు.
నానూ పలకనేదు. ఊపిరుంటే గదా.

వల ఒడ్డుకొచ్చినాక టార్చి ఏసి సూసినారు.
సెయ్యేస్తే దురదెత్తే గాజు జావ రెండు గంపలు,
ఎడం కాలు సెప్పు ఒకటి,
కవళ్ళు తట్టెడు,
పారలు పదకొండు,
గులివిందలు నాలుగు, ఎవుళ్ళో తిట్టినట్టు ఎర్రగా.

ఇసక మీద పాళ్ళు ఏసినారు.
వలకొకటి. మనిషికొకటి. తాతకి ముప్పావు.
ఆడదానికి అర.
ఆ లెక్క ఎవుళ్ళు ఎట్టినారో తెలీదు,
మా అత్త కాలం నాటికే ఉంది.
అరపాలుకి కవళ్ళు ఇరవై ఒకటి, పార ఒకటి.
నాను కొంగు పట్టినాను.

తాత ఇసక మీద పాక్కుంటా వొచ్చి
కుప్పలు తడిమినాడు. ఒక్కోటీ. తీరుబడిగా.
నా కుప్ప కాడ ఆగినాడు.
"ఇది సిన్నదేటి?"
బావ గొంతు సవరించుకున్నాడు,
"పోలోడి ఇంటిది, తాతా."
"నానడిగింది కుప్ప గురించి."

గాలి ఒకటే మోత.
బావ వల పాలులోంచి రెండు సేతుల్తో తీసి
నా దాన్లో ఒంపినాడు.
అందులో ఉన్న ఒక్క పారనీ పీత కొరికింది, తోక నేదు.
ఏరి మరీ దాన్నే ఇచ్చినాడని నాకు తెలుసు,
నాకు తెలుసని బావకీ తెలుసు.
అయినా పార పారే. పులుసుకి తోకెందుకు.

తొమ్మిదింటికి ఫోనొచ్చినాది.
ఆ పక్క సంద్రం సెరువులాగుందంట,
బోటు మీద రొట్టెలు కాల్చుకుంతన్నారంట.
"మన కాడ ఎలాగుంది?"
అరసేతిలో తోలు లేచిపోయిన సోట
ఫోను ఆనకుండా పట్టుకున్నాను.
"గాలేత్తంది" అన్నాను.
"రేకులు జాగర్త" అన్నాడు.

నడికట్టు పొయ్యి పక్కన ఆరేసినాను.
ఈ ముసురుకి ఆరదు.
రేపు తడిదే సుట్టుకోవాల.