చిల్లర లెక్క

ఆదోని నుంచి కర్నూలుకు ఎన్ని స్టాపులో
టికెట్ల మిషను చెబుతుంది.
కడుపు పట్టుకుని ఎక్కడెక్కడ దిగొచ్చో
నేను చెబుతాను.
ఎమ్మిగనూరు బస్టాండులో ఐదు రూపాయలది, తలుపుకు గడియ లేదు.
గోనెగండ్ల దాటినాక పెట్రోలు బంకు వెనక, తాళంచెవి అడగాల.
కోడుమూరులో ఒక టైలరమ్మ ఇల్లు.
ఆమె పేరు నాకు తెలీదు,
నా మొహం చూస్తూనే చెంబు అందిస్తుంది.

నాలుగేండ్లు.
డ్రైవరు దస్తగిరన్న అద్దంలో చూసి
అడక్కుండానే బండి పక్కకు తీసేవాడు.
ప్యాసింజర్లు మాత్రం అడిగేవాళ్ళు.

గ్యాసు అన్నాడొక డాక్టరు, అల్సరు అన్నాడింకొకడు.
గొట్టం దించి చూసి
ఏమీ లేదు పోమ్మా అన్నారు.
ఏమీ లేనిదానికి
చిల్లర సంచిలో మూడు రంగుల మాత్రలు.
ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎవరిది?

జిన్నింగు మిల్లు ఎదురు మేడ మీద
సుమయ్య డాక్టరమ్మ
కాయితాలన్నీ ఓపిగ్గా చదివి, మూసి,
"మొదటిసారి ఎప్పుడొచ్చింది?" అంది.
తెల్లారి ఏం తింటావు, ఎవరితో తింటావు,
నిద్రెన్ని గంటలు,
దప్పిక తీరా నీళ్ళు ఎప్పుడు తాగినావు?
తాగితే దిగాల్సొస్తుందని తాగను మేడమ్.
ఆమె పెన్ను ఆగింది.
నా జవాబుకు ఒక పెన్ను ఆగడం అదే మొదలు.

నోటుబుక్కు ఇచ్చి తిన్నది తిన్నట్టు రాయమంది,
పక్కన మనసెట్లుందో కూడా.
లెక్క రాయడం నాకు కొత్తా?
గీతలు కొట్టి, కింద సంతకం కూడా పెట్టినాను.
4.10. టీ. ఖాళీ కడుపు.
8.30. ఉగ్గాని, బజ్జీలు నాలుగు, మళ్ళీ టీ.
2.00. ఏమీ లేదు. టీ.
రాత్రి 10. అన్నం, నిలబడే.
గురువారం. గోనెగండ్ల క్రాసు దగ్గర చెకింగు జీపు.
బజ్జీ లేదు, ఉగ్గాని లేదు,
నొప్పి మాత్రం ఫుల్ లోడు.

ఆమె వేలు ఆ లైను మీదే నిలబడింది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందనేది మా జేజి.
పడితే పడనీలే అనుకున్నా ఆ పొద్దు.
ఐదేండ్ల కింద ఒక ముసలాయన, కిటికీకి తల ఆనించి నిద్ర.
లేపబుద్ధి కాలేదు, తర్వాత కొడదామనుకున్నా.
జీపు ముందొచ్చింది.
పన్నెండు రూపాయల టికెట్టు. నాలుగు నెలల సస్పెన్షను.
ఇంట్లో చెప్పలేదు.
రోజూ చీర మీద కాకీ కోటు తొడుక్కుని పోయి
రైల్వే స్టేషను బెంచీ మీద కూర్చున్నా,
పొద్దు గూకేదాకా.
దొంగ అన్న మాట మింగినాను మేడమ్.
అది అరగలేదు.

"అయితే ఇదంతా మనసేనా?"
"ఎవరు చెప్పినారు రెండూ వేరని?" అంది.

థైరాయిడ్ మాత్ర మానొద్దంది. రక్తం పరీక్షకు రాసింది.
టీలు రెండుకు దించింది.
రాత్రి అన్నంలో నీళ్ళు పోసి
తెల్లారి మజ్జిగ, ఉల్లిగడ్డ, కూర్చుని తినమంది.
మా జేజి తినిన సద్దికి ఇంత ఫీజా అన్నాడు మా ఆయన.
ఫీజు సద్దికి కాదు, కూర్చోమన్నందుకు అన్నాను.
ఆ రాత్రే బెంచీ సంగతి చెప్పినాను.
చాలాసేపు పలకలేదు ఆయన.
తర్వాత, "ఎండలో కూర్చున్నావా నీడలోనా?" అన్నాడు.

నయమైపోయిందని రాయను, లెక్క తప్పు రాయడం నాకు చేతకాదు.
జీపు కనబడితే ఇప్పటికీ లోపల ఏదో మెలి తిరుగుతుంది.
పోయిన వారం రెండు రోజులు సెలవు పెట్టినాను.
కానీ నీళ్ళ బాటిలు సీటు కిందికి కాదు,
చేతికందేచోట పెడుతున్నా.

శనివారం.
సద్ది, మజ్జిగ. దస్తగిరన్నతో, టైరు నీడలో.
కోడుమూరులో దిగినా.
చెంబు తెస్తూ టైలరమ్మ లేచింది.
వద్దక్కా, కొలతలు తీసుకో,
రవికె కుట్టాల అన్నాను.
ఆమె పేరు ఉసేనమ్మ.