సబ్బు వాడొద్దు

కయావో రేవులో, పరిశోధనశాల వెనక గదిలో
ఇరవై ఆరేళ్ళుగా సీసాలు కడుగుతున్నాను.
డాక్టర్ హెర్మెలిండా చుంపితాస్ శాస్త్రం నాకు తెలియదు,
ఆమె సీసాలు తెలుసు.
ఏది ఎంత లోతు నుంచి వచ్చిందో
మూత తిప్పగానే వాసన చెప్పేది:
పైనీళ్ళది కోసిన పుచ్చకాయ,
ఊపిరాడని లోతులది
ఒక్కోసారి మురిగిన గుడ్డు.

మొదటి రోజు ఆమె చెప్పింది ఒక్కటే:
సబ్బు వాడొద్దు.
ఆమ్లంలో నానెయ్, ఏడుసార్లు శుద్ధజలం, అంతే.
విన్నాను. వినలేదు కూడా.
మా అమ్మ పదిళ్ళలో అంట్లు తోమి నన్ను పెంచింది.
నురగ రానిదే
కడిగినట్టు అనిపించదు నాకు.

ఆ మార్చిలో ఆమె కాగితాల మీద
భాస్వరం ఎగిసిపడింది.
యాభై దాటిన మనిషి వరండాలో పరుగెత్తింది.
అడుగు నుంచి ఇంత పొంగు ఎవరూ చూడలేదంది.
లీమా నుంచి టైలు కట్టుకుని ఇద్దరొచ్చారు.
నాలుగో సాయంత్రం నా గుమ్మంలో నిలబడి
తొట్టి అంచున పసుపుపచ్చ డబ్బాను
చాలాసేపు చూసింది.
పొంగింది సముద్రం కాదు,
నిమ్మవాసన సబ్బు.

తిట్టలేదు. తిట్టినా బావుండేది.
స్టూలు లాక్కుని కూర్చుని,
"ఎలియుతేరియో, మీ తాత ఏం చేసేవాడు?"
దీవుల్లో నీటికాకుల రెట్ట తవ్వేవాడన్నాను.
ఆ ఘాటుకి ముప్పై ఎనిమిదికే చూపు పోయిందన్నాను.
"ఆ రెట్ట ఒకప్పుడు నెత్తళ్ళు.
నెత్తళ్ళు అంతకుముందు నాచు.
నాచు తిన్నది, ఎప్పుడో చచ్చి అడుక్కి దిగినవాటిని,
గాలి చల్లగా తోడి పైకి తెస్తే.
మీ తాత పారతో ఎత్తినదాన్నే
నేను చుక్కల్లో లెక్కపెడుతున్నాను.
ఒక్క బుడగ చాలు, లెక్క మునగడానికి."
డబ్బా తనే తీసుకెళ్ళి
ఇంట్లో గిన్నెలకి వాడుకుంది.

తర్వాత వేడినీళ్ళ ఏడు.
నైట్రేటు పరీక్షలో నీళ్ళు గులాబీ తిరగాలి,
ఎంత తిండి ఉంటే అంత రంగు.
ఆ డిసెంబరు గొట్టాలన్నీ వరసగా
తెల్లబోయాయి.
నెత్తళ్ళు దక్షిణానికి పోయాయి.
గూడబాతులు చేపల బజార్లో
మనుషుల కాళ్ళ మధ్య తిరిగాయి.
చింబోతెలో పిండిమిల్లులు ఆగి
కంపు లేని గాలికి జనం కంటతడి పెట్టారు.
ఆమె ఒక గొట్టం పట్టుకొచ్చి,
"కడగడంలో ఏమైనా తేడా చేశావా?" అంది.
ఆ గొంతులో ఆశ ఉంది.
అవునని అబద్ధమాడబోయాను.
"లేదు డాక్టర్."
తలాడించి, ఆ సున్నాని
తన చక్కటి అక్షరాల్తో రాసుకుంది.

నిన్న ఆమెకి వీడ్కోలు.
కేకు బావుంది, ప్రసంగాలు పొడుగు.
ఎవరో కుర్రపిల్ల అడిగింది,
ఇన్నేళ్ళు సముద్రాన్ని దేనితో పోల్చి కొలిచారని.
"ఏమీ లేని నీళ్ళతో.
అవి చెయ్యడం చాలా కష్టం,"
అంటూ గదిలో వెనక వరస వైపు వెతికింది.
నేను అప్పటికే కప్పులు ఏరుతున్నాను.

ఇవాళ నా కింద కొత్త కుర్రాడు చేరాడు.
చురుకైనవాడు, పాట పాడుతూ కడుగుతున్నాడు.
వాడు టీకి వెళ్ళగానే
బకెట్ మీదికి వంగి
వాసన చూశాను.