పసుపు గీత

చౌటుప్పల్ దాటినంక ఎడమ దిక్కు రేకుల షెడ్డు.
అందులో మూడో బల్ల నాది.
మూత తెరిచిన ఛార్జర్లు
రోజుకు నలభై నా ముందర ఆగుతయి,
ఒక్కోదానికి ఆరు టెర్మినళ్లు.

నాకు కరెంటు చదువు లేదు.
పుట్టపాకల పదిహేనేండ్లు చిటికి కట్టిన.
నూలు పరిచి, గీసిన గీత కాడ
సైకిలు ట్యూబు రబ్బరు చుట్టి బిగిస్తే
రంగు ఆ ముడిలకు రావొద్దు.
వదులైతే ఎరుపు పాకుతది,
పూవు అంచు కరిగి కమిలిన దెబ్బ లెక్కయితది.
మరీ గుంజితే పోగు తెగుతది.
రెండింటి నడుమ ఒక చోటుంటది.
అది చూపుడు వేలికే ఎరుక.
నోటితో చెప్పుమంటే అత్తమ్మ నవ్వేది.

మగ్గం గుంతల బియ్యం బస్తాలు పెట్టినంక
ఇటొచ్చిన.

ఇక్కడ ఆ చోటుకు ఒక అంకె ఉన్నది.
టార్క్ రెంచి మీద దాన్ని తిప్పి పెట్టిస్తరు.
బిగించుకుంట పోతే ఒక కాడ టిక్కుమంటది,
చాలు, ఆపమని.
మొదటి నెలంత ఆ టిక్కు మీద నాకు కోపం,
నా వేలిని నమ్మలేదని.
రాను రాను
అది మోగే అర క్షణం ముందే
మణికట్టుకు తెలవబట్టింది.

రాగి తీగల కూడ పోగులే.
తోలు ఒలిస్తే జుట్టు ముడి విప్పినట్టు విచ్చుకుంటయి.
అన్నీ లగ్గుల దూరాలె.
(లగ్గంటే నాకు మొదట్ల లగ్గమనే వినబడ్డది.)
ఒక్క పోగు బయట మిగిలినా
పక్కింటోళ్లతోని మాట్లాడి ఇల్లు కాలబెడ్తదంటడు
ఇర్ఫాన్ సారు.
లగ్గు నొక్కి, వాషరేసి, బోల్టు బిగించి,
టిక్కుమన్నంక
బోల్టు నెత్తి నుంచి లగ్గు మీదికి
పసుపు పెన్నుతోని ఒక గీత గియ్యాలె.
బోల్టు కదిలితే గీత రెండు ముక్కలైతది.

మొన్న నకిరేకల్ కాడి హోటల్ నుంచి
ఒకటి వాపసొచ్చింది.
మూత తీస్తే, పొయ్యి మీద ప్లాస్టిక్ గంటె
మరిచిపోయిన వాసన.
ఐదు గీతలు పచ్చగ, చెక్కు చెదరకుంట ఉన్నయి.
నాలుగో దాని మీద గీతే లేదు.
లగ్గు నల్లబడ్డది, తీగ తోలు బొబ్బలెక్కింది.
లోపలి చీటీ మీద పదకొండో నంబరు.
నా నంబరు.

తేదీ చూసిన. శనివారం.
చాయ్ గంట మోగింది,
మిర్చీలు తెచ్చిన్రని జంగమ్మ కేకేసింది.
నాలుగోదాన్ని వట్టి చేత్తోని తిప్పి
వచ్చి బిగిద్దామని లేచిన.
వచ్చి, ఐదోది బిగించిన.

పరీక్ష బల్ల మీద అది పాసయ్యింది.
కాసేపటి కరెంటుకు వదులు ఏం తెలుస్తది?
వేసవిల బండి మీద బండొచ్చి
వేడెక్కి, సల్లబడి, మళ్ల వేడెక్కి,
రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా నేల అదిరి,
వెంట్రుకవాసి, వెంట్రుకవాసి
జరిగి ఉంటది.

ఇర్ఫాన్ సారు ఎవలదని అడగలే.
చీటీనే చదువుకుంట నిలబడ్డడు.
"నాదే సార్" అన్న.
"ఎవలకన్న ఏమన్న అయ్యిందా?"
"కిరాయి కారు తోలేటాయన, సైదులంట.
పొగ చూసి మెయిన్ బందు చేసిండు.
చెయ్యికి సెగ తాకింది, అంతే."

ఆ అంతే అన్న మాట
అన్నం కలిపేటప్పుడు కూడ నా వేళ్లల్ల ఉంటది.
తప్పుగట్టిన ముడిని
చీర కుచ్చిళ్లల్ల దాచొచ్చు.
కరెంటుకు కుచ్చిళ్లు లేవు.

కాలిన లగ్గును అడిగి తెచ్చుకున్న.
బల్ల మీద, పెన్ను పక్కన పెట్టుకున్న.
జంగమ్మ అది పారెయ్యమంటది, అరిష్టమంటది.
ఇయ్యాల ఇరవై మూడో పెట్టె.
మూడింటికి గీతలైనయి,
నాలుగో బోల్టు మీద రెంచి పెట్టిన.

చాయ్ గంట మోగుతున్నది.