బుధ, శుక్రవారాలు

ఔట్ గేటు దాటి చినవాల్తేరు దిగువకి నడిస్తే
పావుగంటలో సిలబస్ అయిపోతుంది.
అక్కణ్ణించి ఎండుచేపల వాసన, ఇసుక, కుక్కలు.

వారానికి రెండ్రోజులు ఫీల్డ్‌వర్క్.
మెళ్లో ఐడీ కార్డు, సంచిలో డైరీ,
నోట్లో "అమ్మా, మేం యూనివర్సిటీ నుంచి వచ్చాం" అనే వాక్యం,
ఏ కొట్లోనూ తీసుకోని
పది రూపాయల బిళ్లలా.

మొదటి నెల పెదజాలరిపేటలో
నన్ను అప్పుల వసూళ్ల పిల్లననుకున్నారు.
తలుపులు దగ్గరకి వేశారు.
ఒక్క తాత మాత్రం
ఓటర్ల జాబితాలో చచ్చిపోయిన తన పేరు
బతికించడానికే వచ్చాననుకుని
కుర్చీ తుడిచి వేశాడు.
నేను కూర్చున్నాను. ఏం చెయ్యను మరి.

"ఏటి సదువుతున్నావే?"
సూరాడ దానయ్యమ్మ, కవ్వళ్లు కడుగుతూ.
సోషల్ వర్క్ అన్నాను.
అంటే?
కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికెళ్లి...
ఇంకా వాక్యం పూర్తికాలేదు,
ఆమె చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.
"ఓలమ్మ! దానికీ సదువుందేటి?"
వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.
హాస్టల్‌కొచ్చాక మాత్రం
ఝాన్సీ రాణి పెట్టిన మ్యాగీ సగంలో వదిలేశాను.

రిపోర్టులో రాశాను:
క్లయింటు వయసు యాభై ఎనిమిది.
భర్త ఎల్లాజీ. మూడేళ్ల కిందట వేటకెళ్లాడు.
బోటు వచ్చింది.
రేషను కార్డులో ఇప్పటికీ ఆయనే ఇంటిపెద్ద.

సచివాలయంలో కుర్రాడు మంచివాడే,
నా ఈడువాడే. రెండుసార్లు వెతికాడు.
"శవం లేదు కదా మేడమ్,
డెత్ సర్టిఫికెట్ రాదు. అది లేకపోతే పింఛను రాదు.
ఏడేళ్లు ఆగితే కోర్టు ద్వారా చూడొచ్చు."
దానయ్యమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.
గోళ్ల సందున పొలుసులు మెరుస్తున్నాయి.
"అయితే ఇంకో నాలుగేళ్లు
మా ఆయిన బతికే ఉంతాడన్నమాట."

ఆ గొంతులో ఉన్నది ఏమిటో
రాయడానికి ఫారంలో గడి లేదు.
పేజీ అడుగున ఉన్నదున్నట్టు రాసేశాను.

కుసుమకుమారి మేడమ్ ఎర్రసిరాతో అడిగారు:
"ఇందులో మీ ఇంటర్వెన్షన్ ఏది?"
ఉడుక్కున్నాను. మెట్లమీదే చించేద్దామనుకున్నాను.
అప్పుడు చూశాను. అదే పేజీ అంచున
పెన్సిల్‌తో, దాదాపు కనిపించకుండా
ఒక లాయరమ్మ నంబరు,
పక్కనే: ఫీజు అడగదు. నా పేరు చెప్పు.

కిందటి బుధవారం
హార్బరు మీద మూడో నంబరు జెండా ఎగరేశారు.
డాల్ఫిన్స్ నోస్ మబ్బులో మునిగిపోయింది.
బోట్లన్నీ వచ్చేశాయి, మసేనుది తప్ప.
వాళ్ల ఇంటి ముందు ఆడవాళ్లు చేరారు.
పరామర్శ ఎలా మొదలెట్టాలో
రెండో సెమిస్టరులో చదివాం. పాయింట్లుగా గుర్తుంది.
మసేను పెళ్లాం మొహం చూశాక
మొదటి పాయింటు కూడా నోటికి రాలేదు.
దానయ్యమ్మ అప్పటికే
ఆ ఇంటి పొయ్యి మీద ఎసరు పెట్టేసింది.
"నిలబడిపోనావేటే? నీళ్లు తే."

తెచ్చాను.
కొళాయి దగ్గర్నించి తొమ్మిది బిందెలు.
ఐడీ కార్డు ప్రతిసారీ బిందెలో పడుతుంటే
తీసి కొంగున ముడేసుకున్నాను.

ఎనిమిదిన్నరకి ఫోను.
భీమిలి దగ్గర ఒడ్డెక్కాడట మసేను,
ఛార్జింగ్ లేదట.
అప్పటిదాకా ఏడ్చిన వీధి మొత్తం
ఒక్కసారిగా వాణ్ణి తిట్టింది.
అంత కమ్మటి తిట్లు నేనెప్పుడూ వినలేదు.
దానయ్యమ్మ తిట్టలేదు.
సముద్రం వైపు కాసేపు చూసి
గరిటె కడిగింది.

డైరీలో ఆ రోజు గంటలు: పది నుంచి తొమ్మిదిన్నర.
చేసిన పని: నీళ్లు మోశాను.
నేర్చుకున్నది అనే చోట
ఇంకా ఏమీ రాయలేదు. శుక్రవారం సబ్మిట్ చెయ్యాలి.

ఆఖరి బస్సుకి లేస్తుంటే
చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.
"ఊరందరికీ ఒండీసినాను,
ఎవుడు తింతాడిదంతా?
తినీసి ఎల్లు."